పాషాణం నుంచి సూదిమందు దాకా

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పేరంటంలో ముత్తయిదువుల కాళ్లకు వరసగా పసుపు రాస్తూ, ఒకావిడ దగ్గరకు వచ్చేసరికి రాసే చెయ్యి ఒక్క క్షణం వెనకాడడం మీలో కొందరైనా గమనించే వుంటారు. ఆవిడ మోచేతుల మీదా, మోకాళ్ల మీదా ఎర్రని మచ్చలుంటాయి. వాటి మీద వెండి రేకుల్లా తెల్లని పొలుసులు లేస్తుంటాయి. ఎవరూ పల్లెత్తు మాట అనరు. అయినా ఆవిడకు అర్థమవుతుంది. మరుసటి పేరంటానికి ఏదో పని వంక పెట్టి రావడం మానేస్తుంది.

ఈ జబ్బును సోరియాసిస్ అంటారు. ఇందులో మచ్చలు పలకల్లాగా దళసరిగా లేచే రకమే ఎక్కువమందిలో కనిపిస్తుంది. ప్రపంచం మొత్తం మీద కనీసం 10 కోట్ల మందికి ఈ వ్యాధి వుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, ఒకరి చీర ఇంకొకరు కట్టుకుంటే రాదు. ఈ ముక్క ముందుగా చెప్పి, ఆ తరువాతే చరిత్రలోకి వెడుతున్నాను. ఎందుకంటే ఈ జబ్బు చరిత్రలో సగభాగం ఈ ఒక్క ముక్క తెలియక మనుషులు పడిన బాధే.

ఈ మధ్య ఈ జబ్బు ముదిరిన వారికి చర్మవైద్యులు 'బయొలాజిక్' అనే సూదిమందు రాస్తున్నారు. రెండు వారాలకో, నెలకో, కొన్ని రకాలైతే మూడు నెలలకో ఒకసారి తొడకో పొట్టకో వేసుకునే చిన్న సూది అది. 'ఇన్నాళ్లూ లేని మందు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? వేయించుకోవచ్చా? పిల్ల పెళ్లికి ముందు వేయించాలా, తరువాతా?' అని ఇళ్లల్లో తర్జనభర్జనలు జరుగుతుంటాయి. ఆ సూది ఏ దారిన వచ్చిందో తెలిస్తే ఆ ప్రశ్నలకు సమాధానం వెతుక్కోవడం తేలికవుతుంది. అందుకే ఇవాళ ఆ కథ చెబుతాను.

పేరు తెచ్చిన చిక్కు

పూర్వం గ్రీకు వైద్యులు పొలుసులు రాలే చర్మవ్యాధులను 'లెప్రా' అనేవారు. దురద పుట్టించే జబ్బులను 'సోరా' అనేవారు. సోరియాసిస్ అనే పేరు ఆ రెండో మాటలోంచి పుట్టిందే. తరువాతి కాలంలో 'లెప్రా' అన్న మాట, మనం పెద్దరోగం అంటామే, ఆ కుష్ఠువ్యాధికి స్థిరపడిపోయింది. దానితో చిక్కు వచ్చి పడింది. మధ్యయుగాల యూరపులో కుష్ఠురోగులని ముద్ర వేసి వూరవతలికి పంపిన వారిలో సోరియాసిస్ వున్నవాళ్లు కూడా వుండేవారని చరిత్రకారుల అభిప్రాయం. అలా ముద్ర పడినవాళ్లు దారిన పోతుంటే గంటో, చిడతలో మోగించుకుంటూ పోవాలి, ఎదుటివాళ్లు తప్పుకోవడానికి!

మన దగ్గరా ఇటువంటి చిక్కే వుంది. చరకుడు చర్మవ్యాధులను 18 కుష్ఠాలుగా విభజించాడు. అందులో 7 మహాకుష్ఠాలు, 11 క్షుద్రకుష్ఠాలు. నేటి సోరియాసిస్ లక్షణాలను ఆయుర్వేద వైద్యులు ఏకకుష్ఠం, కిటిభం అనేవాటితో పోల్చి చెబుతారు. ఆ రెండూ క్షుద్రకుష్ఠాల జాబితాలోవే. అంటే శాస్త్రంలో కుష్ఠం అన్నది ఎన్నో చర్మరోగాలకు కలిపి పెట్టిన పేరు. లోకంలో మాత్రం ఆ మాట వినగానే అందరికీ తట్టేది ఒక్క పెద్దరోగమే.

ఆ మాట ఆడవాళ్ల కాపురాలను ఎంత భయపెట్టిందో చూడండి. 1955 నాటి హిందూ వివాహ చట్టం కుష్ఠువ్యాధిని విడాకులకు ఒక కారణంగా ఒప్పుకుంది. నిజానికి కుష్ఠువ్యాధి కూడా మందులతో పూర్తిగా నయమైపోయేదే. అయినా ఆ నిబంధన చట్టంలో అలాగే వుండిపోయింది. చివరికి 2019లో పార్లమెంటు దాన్ని తొలగించింది. చట్టం మారడానికే అంతకాలం పడితే, ఇరుగుపొరుగు మనసులు మారడానికి ఇంకెంత కాలం పట్టాలి చెప్పండి!

ఇంగ్లండులో రాబర్ట్ విల్లన్ అనే వైద్యుడు 1808లో ఈ వ్యాధిని చక్కగా వర్ణించాడు. అయితే పాత పేరును ఆయనా పూర్తిగా వదులుకోలేకపోయాడు. ఒక రకానికి 'లెప్రా' అన్న మాటే వుంచాడు. 1841లో వియన్నా నగరంలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా అనే వైద్యుడు, సోరియాసిస్ వేరు, కుష్ఠువ్యాధి వేరు అని తేల్చి చెప్పాడు. ఆయన కొత్త మందేమీ కనిపెట్టలేదు, పేరును విడదీశాడంతే. కానీ వైద్యులు సరైన ప్రశ్న వేసుకోవడానికి దారి ఏర్పడింది అక్కడే. 'ఇది ఆ రోగమేనా?' అన్న ప్రశ్న పోయి, 'మరి ఇది ఏమిటి?' అన్న ప్రశ్న వచ్చింది.

పాషాణం, గోవా పొడి, తారు

జబ్బు ఏమిటో తెలియనప్పుడు ఏది దొరికితే అది ప్రయోగించడమే కదా. ఇంగ్లండులో థామస్ ఫౌలర్ అనే డాక్టరు 1786లో పాషాణంతో ఒక ద్రావకాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మొదట జ్వరాలకు వాడిన ఆ చుక్కల మందును 19వ శతాబ్దంలో సోరియాసిస్‌కు ఏళ్ల తరబడి తాగించారు. కొందరికి మచ్చలు తగ్గేవి. కానీ పాషాణం పాషాణమే. అరచేతులు, అరికాళ్లు గట్టిపడి కాయలు కాసేవి. అందులో కొందరికి చర్మానికి పుట్టకురుపు, అంటే క్యాన్సరు, వచ్చేది. ఆ ప్రమాదాన్ని 1880లలో లండను డాక్టరు జొనాథన్ హచిన్సన్ బయటపెట్టాడు.

రెండో మందుకు మన దేశంతో సంబంధం వుంది. బ్రెజిల్ దేశంలో పెరిగే ఒక చెట్టు మాను లోపల దొరికే పసుపుపచ్చని పొడి పోర్చుగీసు వాళ్ల ద్వారా గోవా చేరింది. దాన్ని 'గోవా పొడి' అనేవారు. ఇక్కడ దాన్ని తామరకు రాసుకునేవారు. 1870లలో లండను వైద్యుడు బాల్మానో స్క్వయర్, అది సోరియాసిస్ మచ్చలకు కూడా పనిచేస్తుందని గమనించాడు. పనిచేసేది నిజమే. అయితే చర్మం మండేది, కళ్లకు తగిలితే వాచిపోయేవి. బట్టలకు, పక్కదుప్పట్లకు అంటిన మరక ఎంత వుతికినా వదిలేది కాదు. ఆ దుప్పట్లు వుతికిన ఇల్లాళ్ల పేర్లు ఏ వైద్య గ్రంథంలోనూ లేవనుకోండి!

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ పొడి జర్మనీకి చేరడం ఆగిపోయింది. దాంతో 1916లో జర్మన్లు దానికి బదులుగా ప్రయోగశాలలో డిత్రనాల్ అనే మందును తయారుచేసుకున్నారు. తరువాత 1925లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో గోకర్మన్ అనే డాక్టరు మరో పద్ధతి చెప్పాడు. బొగ్గు నుంచి తీసిన తారు ఒంటికి పట్టించి, ఆపైన అతినీలలోహిత కిరణాలు తగలనివ్వడం. రోగి వారాల తరబడి ఆసుపత్రిలో తారు వాసనతో పడివుండాలి. అయినా మచ్చలు బాగా పలచబడేవి. తారు కలిపిన లేపనాలు, తలకు రాసుకునే తారు షాంపూలు ఇప్పటికీ వాడుకలో వున్నాయి.

ఈ మందులన్నిటికీ వెనక వున్నది ఒకటే నమ్మకం. జబ్బు పుట్టింది చర్మంలోనే, కాబట్టి చర్మాన్నే రుద్ది, కాల్చి, మాడ్చి దారికి తేవాలని.

భీమవరం బిడ్డ

ఇక్కడ మన తెలుగువారొకరు ఈ కథలోకి వస్తారు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా వెళ్లారు. వెళ్లినవారు మళ్లీ స్వదేశం చూడలేదు. వదలి వెళ్లిన భార్య శేషగిరిగారిని కూడా మళ్లీ చూడలేదు. ఆయన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహిస్తుండగా, ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందులను ఆయన బృందం తయారుచేసింది. అవే అమైనోప్టెరిన్, మెథొట్రెక్సేట్. రక్తపు క్యాన్సరుతో వున్న పసిపిల్లలకు బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అమైనోప్టెరిన్ ఇచ్చి, కొంతకాలంపాటైనా జబ్బును వెనక్కి తిప్పగలిగాడు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ తరువాత, 1951లో, అమెరికాలో గబ్నర్ అనే డాక్టరు కీళ్లవాతం వున్నవారికి అమైనోప్టెరిన్ ఇచ్చి చూస్తుండగా, వారిలో సోరియాసిస్ కూడా వున్నవారికి మచ్చలు మాయమవడం కనిపించింది. ఆ దారినే 1958 నుంచి మెథొట్రెక్సేట్‌ను సోరియాసిస్‌కు వాడసాగారు. చవకైన మందు కావడంతో ఇవాళ్టికీ మన దేశంలో ఎందరికో అదే ఆధారం. దీని విషయంలో రెండు మాటలు ముడివేసుకోండి. ఈ బిళ్ల వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు దీన్ని వాడనే కూడదు. పెళ్లి కుదిరిన పిల్ల ఈ మందు మీద వుంటే ఆ సంగతి డాక్టరుతో ముందుగా మాట్లాడాలి.

1974లో అమెరికాలో మరో పద్ధతి వచ్చింది. సోరలెన్ జాతి మందును మింగించి, ఆ తరువాత ప్రత్యేకమైన దీపకాంతిలో నిలబెట్టడం. బొల్లికి మనవాళ్లు ఏనాటి నుంచో వాడుతున్న బావంచాల్లో వున్నది ఈ జాతి పదార్థమే. మందు, వెలుతురు కలిస్తే చర్మం మీద పనిచేస్తుందన్న అనుభవం మన పెద్దలకు వుంది. పద్ధతిగా కొలత పెట్టి చేసింది మాత్రం అప్పుడే.

ప్రశ్న మారిన ఏడాది

1979 సంవత్సరం గుర్తుంచుకోండి. మూత్రపిండాలు మార్చినవారికి కొత్త అవయవాన్ని శరీరం తోసిపుచ్చకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ అనే మందు వుంది. దాన్ని కీళ్లజబ్బు వున్నవారికి ఇచ్చి చూస్తుంటే, వారి సోరియాసిస్ అనుకోకుండా మెరుగుపడింది. ఆ మందు ముఖ్యంగా అణిచేది తెల్లరక్తకణాల్లో ఒక జాతిని. అంటే మన ఒంటిని కాపాడే సైన్యాన్ని. మరి సైన్యాన్ని అణిస్తే చర్మం బాగుపడడమేమిటి? అసలు తగాదా చర్మానిది కాదన్నమాట. కాపలా కాసేవాళ్లే శత్రువు లేనిచోట శత్రువున్నాడని భ్రమపడి, చర్మానికి తొందర కబుర్లు పంపుతున్నారన్నమాట.

మామూలుగా మన పైచర్మం కిందనుంచి పైకి కొత్తగా ఏర్పడి రాలడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఆ పనంతా మూడు నాలుగు రోజుల్లో జరిగిపోతుంది. పండని చర్మం పొరలు పొరలుగా పేరుకుపోతుంది. అవే ఆ పొలుసులు.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయనుకోండి. పైన చల్లే చన్నీళ్లలాంటివి పూతమందులు. కాసేపు పొంగు అణుగుతుంది. మెథొట్రెక్సేట్, సైక్లోస్పోరిన్‌లాంటివి వంటింట్లో పొయ్యిలన్నిటి మంటా తగ్గించినట్టు. పొంగు ఆగుతుంది, మిగతా వంట కూడా కొంత మందగిస్తుంది. మరి ఏ పొయ్యి మీద పాలున్నాయో ఆ ఒక్క పొయ్యి తిరగలిని తిప్పడం ఎలాగ? ఈ ప్రశ్నకు జవాబే సూదిమందు.

కబురును దారిలోనే పట్టుకోవడం

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టయిన్ అనే శాస్త్రజ్ఞులు ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే వుపాయం కనిపెట్టారు. ప్రతిరక్షకమంటే ఒక తాళానికి ఒకే తాళంచెవిలాగా, ఒక పదార్థాన్ని మాత్రమే వెతికి పట్టుకునే మాంసకృత్తు. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతికి పేటెంటు తీసుకోనేలేదు. ఇప్పటి ఈ సూదిమందుల ధరలు చూస్తే ఆ సంగతి వింతగా తోస్తుంది.

తెల్లకణాలు పంపే కబుర్లలో టి.ఎన్.ఎఫ్. అనేది ఒకటి, ఇంటర్‌ల్యూకిన్ 17, 23 అనేవి మరికొన్ని. ఈ సూదిమందు ఆ కబురును దారిలోనే పట్టుకుంటుంది. మందు పేరు చివర 'మాబ్' అని వుంటే అది ఇటువంటి ప్రతిరక్షకమని గుర్తు. అడాలిముమాబ్, సెకుకినుమాబ్ అలాంటివే.

'సూదెందుకు, బిళ్ల చేయకూడదా?' అని మీరడగవచ్చు. ఇవి మాంసకృత్తులు కదండీ! మింగితే పప్పులోని మాంసకృత్తులాగే కడుపులో అరిగిపోతాయి. మధుమేహానికి ఇన్సులిన్‌ను సూదితో ఇచ్చేదీ అందుకే. పైగా వీటిని తయారుచేసేది బతికున్న కణాలు. పెద్ద పెద్ద వుక్కు పాత్రల్లో వాటిని పెంచి, అవి చేసిన పదార్థాన్ని శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. ఖరీదుకు అదొక కారణం.

సోరియాసిస్‌కు ఈ జాతి మందుల్లో మొదటిది అమెరికాలో 2003లో అనుమతి పొందింది. దారి పూలబాట ఏమీ కాలేదు. అదే ఏడు వచ్చిన ఎఫలిజుమాబ్ వల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు రావడంతో 2009లో దాన్ని ఉపసంహరించారు. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే మందుల వల్ల, ఒంట్లో నిద్రపోతున్న క్షయ మేలుకోవచ్చునని 2001లోనే వెల్లడైంది. క్షయ ఎక్కువగా వున్న మన దేశంలో ఇది చిన్నమాట కాదు. అందుకే సూది మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష, ఛాతీ ఎక్సరే తీయిస్తారు. 'ఇన్ని పరీక్షలెందుకు, డబ్బుకోసమే' అని విసుక్కోకండి. ఆ పరీక్షలు మన మేలుకే.

ఎటానెర్‌సెప్ట్‌కు 2004లో, అడాలిముమాబ్‌కు 2008లో, సెకుకినుమాబ్‌కు 2015లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి లభించింది. ఒకదాన్ని మించి ఒకటి ఎలా పనిచేసిందో ఒక లెక్క చెబుతాను. 2014లో ప్రకటించిన ఒక పెద్ద పరీక్షలో, మూడు నెలలు తిరిగేసరికి జబ్బు తీవ్రత మూడొంతులకు పైగా తగ్గినవారు, సెకుకినుమాబ్ పూర్తి మోతాదు తీసుకున్న వందమందిలో 77 మంది. ఎటానెర్‌సెప్ట్ తీసుకున్న వందమందిలో 44 మంది. వుత్త సూది వేయించుకున్న వందమందిలో అయిదుగురు. మూడొంతులంటే నాలుగింట మూడు భాగాలని లెక్క.

మన దేశంలోనూ పని జరిగింది. బెంగుళూరులోని బయొకాన్ సంస్థ, క్యూబా దేశపు శాస్త్రజ్ఞులతో కలిసి రూపొందించిన ఇటోలిజుమాబ్‌కు 2013లో ఇక్కడ అనుమతి వచ్చింది. 2014 డిసెంబరులో అహమ్మదాబాదుకు చెందిన జైడస్ సంస్థ, అడాలిముమాబ్‌కు సమానమైన మందును ప్రపంచంలో మొట్టమొదటిసారిగా విడుదల చేసింది. అమెరికా ధరతో పోలిస్తే చాలా తక్కువకు ఇచ్చింది. అయినా మధ్యతరగతి సంసారానికి ఇది ఇప్పటికీ బరువే. ఒకటి రెండు సూదులకు అప్పుచేసి, ఆపైన మానేయడం కన్నా, ఏడాదికి ఎంతవుతుందో ముందే డాక్టరును అడిగి లెక్క వేసుకోవడం మంచిది.

ఇంటికి తెచ్చుకున్నాక

ఈ సూదిమందు ఇంటికి వస్తే దాని బాధ్యత ఎక్కువగా మన మీదే పడుతుంది. దీన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుంచాలి. పైనున్న ఐసు గడిలో పెట్టకూడదు. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. ఎక్కువసేపు కరెంటు పోతే ఏం చేయాలో మందుతో వచ్చే కాగితం చూసి, డాక్టరును అడగండి. వేసుకునే ముందు అరగంట బయటపెట్టి చల్లదనం పోనివ్వాలి. వేడినీళ్లలో పెట్టకూడదు, కుదపకూడదు. మచ్చ మీద పొడవకూడదు. ప్రతిసారీ చోటు మార్చాలి. వాడిన సూదిని చెత్తబుట్టలో పారేయకుండా గట్టి డబ్బాలో వేసి వుంచండి. ఆ చెత్త ఎత్తేదీ మనలాంటి ఆడదే.

జ్వరం, దగ్గు, పుండు వుంటే సూది వేసుకోకముందే డాక్టరుకు చెప్పాలి. టీకాలు వేయించుకోవాలన్నా, గర్భం వచ్చినా తప్పక చెప్పాలి. కీళ్లు పొద్దున్నే బిగుసుకుపోతుంటే అది వయసుదని వదిలేయకండి. సోరియాసిస్ వున్నవారిలో కొందరికి కీళ్లజబ్బు కూడా వస్తుంది. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి. అందరికీ సూది అక్కరలేదు. కొద్ది మచ్చలకు పూతమందు చాలు.

ఇంతా చెప్పి, ఈ సూదితో జబ్బు సమూలంగా పోతుందని చెబితే అది అబద్ధమవుతుంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ చేసిన తీర్మానం కూడా దీన్ని నయంకాని దీర్ఘవ్యాధి అనే చెప్పింది. మందు ఆపితే చాలామందికి మచ్చలు మళ్లీ వస్తాయి. అదీ పాతచోటనే వస్తాయి. పైకి నున్నబడిన చర్మంలో కూడా పాత తగాదా మరచిపోని కణాలు కొన్ని మిగిలిపోతాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటిని మరిపించడమెలాగన్నదే ఇప్పుడు వారి ప్రశ్న.

'ఇది ఏ పాపఫలం?' అని అడిగినంతకాలం మనుషులను వూరవతల పెట్టాం. 'ఈ చర్మానికేం వచ్చింది?' అని అడిగినప్పుడు పాషాణం తాగించాం, తారు పూశాం. 'ఒంటి లోపల ఏం జరుగుతోంది?' అని అడిగాక సూదిమందు వచ్చింది. ప్రశ్న మారినప్పుడల్లా రోగి బతుకు కాస్త మెరుగైంది. ఇక మన ఇళ్లల్లో అడిగే ప్రశ్న మిగిలింది. 'ఈ పిల్లను ఎవరు చేసుకుంటారు?' అని కాకుండా, 'ఈ పిల్లకు మంచి వైద్యం ఎక్కడ దొరుకుతుంది?' అని అడగడం మనం మొదలుపెట్టవచ్చు. దీనికి ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు, ఖర్చు అంతకన్నా లేదు.